అక్కకి రాని అక్షరాలు

నా చిన్నప్పుడు నేను కుళ్లుకున్నంతగా మా నగరి ఊళ్లో ఇంకెవరూ కుళ్లుకుని ఉండరు. అదీ పక్కింటి అక్క మీద.

మా నాయన మగ్గం నేసేవాడు. పొద్దుగూకి పని ఆపగానే కాళ్లు సారాయంగడి వైపు లాగేవి. ఒకసారి కడుపునొప్పి ఎక్కువై ఆసుపత్రికి పోతే, లివరు వాచిందనీ, తాగుడు తగ్గించుకుంటూ రాకపోతే బతకడనీ డాక్టరు చెప్పాడు. సాయంత్రం ఆ ఒక్క గంటే గండం. అది గడపడానికని, తను అరవ బడిలో నేర్చుకున్న అక్షరాలు నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించేవాడు. నాయన మెచ్చుకోవాలని నేను పదిరోజుల్లో అన్నీ నేర్చేసుకున్నాను.

"నీకంతా వచ్చేసినాదిలే పాపా, ఇంక నేను చెప్పేదేముండాది" అన్నాడు. మర్నాటి నుంచి మళ్లీ అంగడికే పోయాడు. మూడోరోజు పక్కింటి అక్క వచ్చి, తనకూ అరవం చెప్పమని అడిగింది.

ఇంక రోజూ ఆ గంటసేపూ నాయన అక్క వాళ్లింటి అరుగు మీదే. ఆమె మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ చదివేది. అరవంలో 'ల'లు మూడు రకాలు. మూడు నెలలైనా ఆమెకి వాటి తేడా తెలియలేదు. పండుని చెప్పే 'పళం' అని రాసుంటే, గుంటని చెప్పే 'పళ్లం' అని చదివేది. నాయన విసుక్కోకుండా మళ్లీ మొదటికొచ్చేవాడు. ఇంత మొద్దుకి ఇంత ముద్దా అని నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆమె వెంట బస్టాండుకి పోయాను. ఎవరో ముసలాయన తిరుత్తణి బస్సు ఏదని అడిగితే, అరవ బోర్డు దూరం నుంచే గడగడా చదివి, అది పోయే ఊళ్లన్నీ చెప్పేసింది. నేను ఊరుకుంటానా.

"నీకు అరవం వస్తాదే. మా నాయన్ని మోసం చేస్తాండావు. చెప్పేస్తా."

ఆమెకి కోపం రాలేదు. "చెప్పు పాపా. రేపట్నించి ఆ గంటకి మీ నాయన యాడికి పోతాడో, అదీ నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం నాయన చెప్పులేసుకుంటూ, "పక్కింటి పాపకి ఎప్పుడొస్తాదో ఏమో" అని నవ్వాడు. రోజూ తాగే మనిషి అప్పటికి ఎప్పుడో పండక్కి మాత్రమే తాగేదాకా తగ్గాడు. మాట నోటిదాకా వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ మింగేశాను.

నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. నేనూ ముసలిదాన్నయ్యాను గానీ అక్క మీద కుళ్లు మాత్రం పోలేదు. ఆయన దగ్గర తెలివైనదాన్ననిపించుకోవాలని నేను ఎగబడుతుంటే, ఆయన బతికితే చాలని ఆమె మొద్దుగా కూర్చుంది. కన్నకూతుర్ని నేనైతే, ఆ ఆలోచన ఆమెకెందుకు రావాలి?