సారు గీయని గుంత

పోయిన వారం మా సోషల్ సారు చనిపోయారు. డోన్ దగ్గర, మా ఊరి పాత నాపరాళ్ల గనిగుంతలో నుంచి ఆయన శవాన్ని తీశారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం చాలామందిమి వెళ్లాం.

బడి గోడకు వేలాడే పటంలో అంటార్కిటికా అడుగున తెల్లటి పట్టీలా సాగి ఉండేది. సారు అది నమ్మొద్దని ఇంటి నుంచి కుండ తెచ్చి బోర్లించేవారు. అడుగు నడిమధ్య సుద్దముక్కతో ధ్రువం పెట్టి, చుట్టూ తీరం గీసేవారు. సాయంత్రం ఆ కుండ కడిగి మళ్లీ నీళ్లు పట్టుకునేవారు.

పూర్వం పటాలు గీసేవాళ్లు, ఎవరూ చూడని ఉత్తర ధ్రువం దగ్గర నల్లకొండను, మంచులేని సముద్రాన్ని గీశారట. ఆ సముద్రాన్ని నమ్మి ఓడల్లో పోయినవాళ్లు మంచులో ఇరుక్కుని చచ్చిపోయారు. తర్వాతివాళ్లు నడిచి చూసినంతే గీసి, మిగతాది తెల్లగా వదిలారు. "సూడంది గీయొద్దు రా. ఖాళీగా ఇడిస్తే మార్కులు తీసేయను" అనేవారు సారు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడకపోవడం నాకు ఆయన దగ్గరే వచ్చింది.

ఆమధ్య ఒకామె గనిగుంతలో పడి చనిపోయింది. అప్పుడు, రిటైరైన సారు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఊరి గుంతల పటం గీశారు. ప్రతిదాన్నీ వెళ్లి చూశాకే నల్లరంగు వేశారు. మోకాళ్ల నొప్పితో దూరంగా ఉన్న ఒక్కదాని దగ్గరికి పోలేక, దాని చోటు ఖాళీగా వదిలారు. రాళ్లు పాలిష్ చేయగా వచ్చిన బురద పోసి దాన్ని పూడ్చేశామని ఫ్యాక్టరీవాళ్లు చెప్పారు. మేత ఉన్నది దానికి అవతలే.

గోడ ముందు ఒక గొర్రెల కాపరి సారును నిలదీశాడు.

"ఏం సారూ, ఈ తావు గీయకుండా ఇడిస్తివే? గొర్రెల్ని తోలుకోవచ్చునా, వద్దా?"

"నేను సూడల్యా అప్పా."

"పూడ్చినామంటాండారు కదా!"

"వాళ్లు అంటాండారు."

"నువ్వు సూసేలోగా నా గొర్రెలు ఎముకలైతాయి. వాటిని గూడా గీస్తువులే."

సారు నవ్వారు. "రేప్పొద్దున పోయొస్తా. అందాక తోలొద్దు."

మరునాడు ఆయన కర్రతో పొడుస్తూ పోవడం కాపరి దూరం నుంచి చూశాడు. అంచున కర్ర దిగలేదట. కొంచెం లోపలికి పోగానే ఎండిన పైపొర పగిలి, సారు కింది బురదలోకి దిగిపోయారట. కాపరి ఊళ్లోకి పరిగెత్తి తాడు తెచ్చేసరికి అయిపోయింది.

సారును మట్టి చేశాక కాపరి ఆ ఖాళీ చోటును నల్లరంగుతో నింపాడు. రంగు ఎక్కువై పక్క గుంతల మీదికి కారింది.

నిన్న నేను అక్కడికి పోయాను. సారును తీసినప్పుడు పగిలిన చోటంతా ఎండకు మళ్లీ పైపొర కట్టింది. తెల్లగా, చదునుగా, నేలలాగే ఉంది. దాని మీద ఒక కాకి నడుస్తోంది.