అంబలితో అంటించిన గొడుగు

మావ కొత్త మోటారు సైకిలు ట్యాంకు మీద నూట ఎనిమిది కాగితపు బిళ్ళలు అంటించి ఉన్నాయని ఇన్నేళ్ళూ చాలామందికి చెప్పాను. నోటితో అనేసినంత తేలిగ్గా రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒక్కటే ఉంది. అరచేతి వెడల్పు.

అరవైల చివర, ఎన్నికల రోజులవి. ఇప్పుడు స్టిక్కరంటున్నారు గానీ, అప్పుడది వెనక జిగురు పూసి అతికించే పల్చటి కాగితం. దాని మీద గొడుగు గుర్తుతో నిలబడ్డ పెద్దమనిషి ముఖం, ముఖం కింద గొడుగు. ఆమదాలవలసలో ఏ గోడ చూసినా అదే. మావ ఆ గొడుగుకు బద్ధ విరోధి. నేను చదువు ముగించి, ఉద్యోగం రాక, స్టేషను వీధిలో ఆయన ధాన్యం కొట్టులో కూర్చునేవాణ్ణి. ఇల్లు కొట్టు వెనకే.

“ఒరే అల్లుడా, ఇదేటిరా?” అన్నాడు ట్యాంకు చూపించి.

“గొడుగు మావా.”

“గొడుగని నాకూ తెలుసు. ఎవులెట్టినారని.”

నాకేం తెలుసు? ఆయన నన్ను కిందా మీదా చూశాడు. తరవాత బేరం పెట్టాడు. “రంగు పోకుండా తీసినావంటే శివరాత్రికి శ్రీముఖలింగం నువ్వే తోలుదువు గాని, నాను ఎనక కూకుంటాను. ఏ మాత్రం రంగు లేచినా మరి జన్మలో హేండిలు ముట్టనివ్వను.”

నేను బండి నేర్చుకుని అప్పటికి నెల కూడా కాలేదు. ఎర్రటి బండి. వీధి చివరి దాకా తోలడానికైనా మావ ఇచ్చేవాడు కాదు. శ్రీముఖలింగం జాతరలోకి దాని మీద దిగితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాగితం తీసే విద్యలో విజయనగరం దాకా నన్ను మించినవాడు లేడని కూడా చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఉపాయం అత్తది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన పాత పంచె ముక్క దాని మీద కప్పమంది. బాగా నానేదాకా తొందరపడొద్దంది. తరవాత అంచు దగ్గర వేలి కొసతో, గోరు తగలకుండా తోసుకుంటూ పోయాను. కాగితం చర్మం వలిచినట్టు వచ్చేసింది. మిగిలిన జిగటకు కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిచాను. ట్యాంకులో నా ముఖం కనిపించింది.

అనుమానం మాత్రం తుడిచేకొద్దీ పెరిగింది. గోడల మీద బొమ్మలంటించేవాళ్ళ జిగురు మైదాది, తెల్లగా ఉంటుంది. ఇది గోధుమ రంగులో ఉంది, పులిసిన వాసన వేసింది. ఎవరూ చూడకుండా నాలిక్కి రాసుకున్నాను. చోడి అంబలి, రాగుల జావ.

పక్క కొట్టతను రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని చెంబుడు అంబలి తాగేవాడు. పైగా గొడుగు మనిషి. మావకు చెప్పాను.

“అంబలి తాగని కొంప ఈ ఈదిలో ఉన్నాదేటి?” అంది అత్త, లోపలి నుంచి.

మావ వినలేదు. ఆ మధ్యాహ్నం పక్క కొట్టతను నవ్వుతూ, “బావా, మావోడు నీ బండెక్కి బలే కూకున్నాడంట గదా” అన్నాడు. మాకిక రుజువు అక్కర్లేకపోయింది. ఇరవయ్యేళ్ళుగా ఒకే చుట్ట తుంపి పంచుకున్న మనుషులు, ఆ రోజు నుంచి మావ అటు చూసి ఉమ్మెయ్యడమే గానీ పలకరించింది లేదు.

నాలుగు రోజులకు ఇంకో బిళ్ళ. మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ కొబ్బరినూనె. రంగు చెక్కు చెదరలేదు. శివరాత్రి దగ్గర పడుతోంది. ఇక కాపు కాయాలనుకున్నాను.

అన్నం నీళ్ళు మాని ధాన్యం బస్తాల వెనక మాటు వేశానని చెప్తుంటాను. అన్నం తినే వెళ్ళాను. తిన్నాను కాబట్టే కునుకు పట్టింది. మిట్టమధ్యాహ్నం గాజుల చప్పుడికి మెలకువ వచ్చి చూస్తే, ఒక చేత్తో అంబలి చెంబు, ఇంకో చేత్తో గొడుగు కాగితం పట్టుకుని మా అత్త.

“అత్తా.”

“అరవకు. మీ మావ లెగుస్తాడు.” చెయ్యి ఆపకుండా కాగితం అదిమింది.

“ఇదేటత్తా?”

“ఎర్రగా నిగనిగలాడతంటే ఊరి కళ్ళన్నీ దీని మీదే. నిమ్మకాయ కట్టినాను, తెంపేసినాడు. కాటుక సుక్క ఎట్టినాను, తుడిసేసినాడు. మరేటి సెయ్యను?”

“అందుకని గొడుగు కాగితమా?”

“గొడుగేటి? నాను మొకం సూసినాను. ఇంతకన్నా ఇకారమైన మొకం ఏ గోడ మీదా లేదు. దిష్టిబొమ్మకి ఇంకేటి కావాల? నీ బేరం కోసం తీసే ఉపాయం సెప్పినాను గానీ, మళ్ళీ అంటించక మానతానా?”

ఓటు మావ చెప్పిన బొమ్మకే వేసే మనిషి. తక్కిన బొమ్మలు ఏవి ఎవరివో ఆమెకు పట్టలేదు.

“మీ మావకి సెప్పినావంటే నా మీదొట్టు,” అని చెంబు పట్టుకుని లోపలికి పోయింది.

తడి ఆరకముందే తీసేద్దామని వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే మావ ఆవులిస్తూ వచ్చాడు. కాగితం చూశాడు. నా వేలికున్న అంబలి చూశాడు.

“అదా సంగతి. నువ్వే అంటించి, నువ్వే తీసి, నా కాడ పేరు కొట్టేస్తన్నావు.”

“కాదు మావా.”

“మరెవులు?”

ఒట్టు ఉంది కదా. నేల చూశాను.

“గొడుగోలు నీకేటిస్తన్నార్రా?” అంటూనే ఆయన పెరట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమే ఊక బూడిద, కొబ్బరి పీచు తెచ్చాడు. వద్దు మావా అంటున్నా వినకుండా కసిగా రుద్దాడు. కాగితం పోయింది. ఎరుపు కూడా పోయింది. అరచేయంత మేర బూడిద రంగు మచ్చ తేలింది. మావ పీచు వంక, ట్యాంకు వంక మార్చి మార్చి చూశాడు.

చప్పుడికి అత్త గుమ్మంలోకి వచ్చింది. మచ్చ చూసి, వంగి వేలితో తడిమి, తృప్తిగా తల ఆడించింది.

“బాగున్నాది. ఇంక కాగితం అక్కర్లేదు.”

మావ మెల్లగా అటు తిరిగాడు. “ఇంక అంటే?”

అత్త లోపలికి వెళ్ళిపోయింది. మావ పీచు కింద పడేసి బండి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్న పక్క కొట్టు అరుగెక్కి, “బావా, ఆ అంబలి కాస్త ఇలా పొయ్యి” అన్నాడు. ఆయన క్షమాపణ అంతవరకే. నాకు అది కూడా దక్కలేదు. తాళం మాత్రం చేతిలో పెట్టాడు. రంగు పోగొట్టింది నేను కాదు కదా.

శివరాత్రి నాడు శ్రీముఖలింగం దాకా నేనే తోలాను. వంశధార గట్టు మీద గాలిలా పోయాననీ, జాతర జనం పక్కకు తప్పుకుని నోళ్ళు తెరిచారనీ చెప్పుకునేవాణ్ణి. మావ వెనక నుంచి నా నడుం రెండు చేతులా బిగించి పట్టుకుని, గుంట కనబడ్డ ప్రతిచోటా “దిగి నడిపించరా” అంటూనే ఉన్నాడు. దారిలో ఎడ్లబండ్లన్నీ మమ్మల్ని దాటిపోయాయని తరవాత ఊరంతా చాటాడు. అది పచ్చి అబద్ధం. ఒక్కటే దాటింది.