చైను తెగలేదు

మా కుట్టు టీచరమ్మ పోయింది. మైపాడు దారిలో, రొయ్యల గుంటల పక్కన, తూము గట్టు మీద కూర్చుని పోయింది. ఈ ఒక్క వాక్యం నిజమని ఒప్పించడానికి నేను ఊరంతటితో పోట్లాడాల్సి వచ్చింది. ఎందుకంటే నాకు ఫోనులో చెప్పిన మాట ఇది కాదు.

"అక్కా, అత్త పోయింది," అన్నాడు ఆమె మేనల్లుడు. "సైకిలు చైను తెగి పడిపోయిందంట. చెప్తానే ఉండాం గదా, వినలే."

ఇందుకూరుపేటలో నా టైలరింగు షాపులో, మిషను ముందు కూర్చుని విన్నాను ఆ మాట. ఏడుపు రాలేదు. ముందు నా చేతులకేసి చూసుకున్నాను. ఆ చైను తగిలించింది ఈ చేతులే మరి.

ఆ సైకిలు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎప్పుడో చర్చి ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని ఒకామె తన దేశం వెళ్ళిపోతూ టీచరమ్మ తల్లికి ఇచ్చిపోయిన ఆడవాళ్ళ సైకిలు అది. తల్లి తర్వాత కూతురు ఎక్కింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లలకు కుట్టు నేర్పడానికి జీవితమంతా దాని మీదే తిరిగింది. వరి పొలం తప్ప ఇంకో లోకం తెలియని మా ఇంటికి కూడా ఆ సైకిలు మీదే వచ్చి, "దీన్ని నాకియ్యండి, సంవత్సరంలో దీని తిండి ఇది సంపాదించుకుంటది," అని మా నాన్నతో వాదించి నన్ను తీసుకుపోయింది. ఇవాళ నేను తింటున్నది ఆ వాదన పెట్టిన తిండే.

ఆమె దగ్గర నేర్చుకున్న వాళ్ళెవరూ "దారం తెగింది టీచరమ్మా" అనడానికి సాహసించేవాళ్ళు కాదు. "దారం దానంతటది తెగదు మే. ఎందుకు తెగిందో చూసి రా, అప్పుడు చెప్పు," అనేది. సూది వంకర పోయిందేమో, దారం బిగువు ఎక్కువైందేమో, మనమే గుడ్డను లాగామేమో చూసుకుని వస్తే గాని ఇంకో దారం ఇచ్చేది కాదు. అటువంటి మనిషి శవం పక్కన నిలబడి, ఎందుకు తెగిందో, అసలు తెగిందో లేదో కూడా చూడకుండా, చైను తెగిందని ఊరు ఊరంతా తీర్పు చెప్పేసింది.

ఆ సైకిలుకు చైను దొరకడం కష్టమన్న మాట నిజమే. దాని లింకులు మన సైకిళ్ళ లింకుల కంటే కాస్త పొడుగు, చైను కూర్చునే పళ్ళచక్రంలో పళ్ళ మధ్య ఎడం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మామూలు చైను వేస్తే ఒకటి రెండు పళ్ళ మీద సరిగా కూర్చుని తర్వాతి దాని నెత్తికెక్కుతుంది. సముద్రపు గాలికి పాత చైను తుప్పు తిని, సాగి, వేలాడిపోయింది. దాంట్లో ఒక లింకు ఊడదీయించి, జాకెట్ల కోసం తెచ్చిన గుడ్డముక్కలతో పాటు తన పర్సులో వేసుకుంది టీచరమ్మ. నెల్లూరులో ఏ సైకిలు షాపు కనపడినా ఆగి, ఆ లింకు తీసి చూపించి, "దీనికి మ్యాచింగ్ ఉందా అబ్బయ్యా?" అని అడిగేది.

నేనూ వెంట ఉండేదాన్ని. ఫోనులోంచి తలెత్తకుండా "దొరకదు" అన్నవాళ్ళే ఎక్కువ. ఒకాయన మాత్రం తలెత్తి, "మ్యూజియానికి ఇచ్చేయమ్మా దాన్ని," అన్నాడు.

"నేనూ వస్తానని చెప్పు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడతారు," అంది టీచరమ్మ.

బయటికి వచ్చాక నాకు ఒళ్ళు మండి ఏదో అనబోతే, "దొరకదంటే వాడు వెతకలేదని అర్థం మే. నడువు," అంది.

మేనల్లుడు బ్యాటరీ బండి కొనిస్తానన్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే కొనిచ్చేవాడు. "ఇది నా కాలురా. నడిచి నడిచి చెప్పు అరిగితే చెప్పు మారుస్తామా, కాలు మారుస్తామా?" అని నవ్వేసింది. చర్చిలో కొందరు ఆడవాళ్ళు, మెడలో గొలుసు లేదు గాని సైకిలుకు గొలుసు వెతుకుతోందని గుసగుసలాడుకున్నారు. ఆమె ఏనాడూ నగ పెట్టుకోలేదు. ఆ మాట చెవిన పడి, వాళ్ళ ముందే నాతో అంది: "మెడలో గొలుసు మనిషిని యాడికన్నా తీసుకుపోద్దా మే?"

చివరికి చైను దొరికింది మనుబోలు దగ్గర మా చిన్నాన్న ఇంట్లో. అక్కడ పెళ్ళికి ఆమెను నేనే పిలుచుకుపోయాను. భోజనాల దగ్గర అందరూ విస్తరి చూసుకుంటుంటే ఆమె పశువుల కొట్టం తలుపు చూస్తోంది. చెయ్యి కడుక్కుని నేరుగా అక్కడికి పోయింది. తలుపు గడియకు చుట్టి ఉన్న చైనుకు తన లింకు ఆనించి చూసి, "మ్యాచింగే," అంది. మా తాత కాలం నాటి సైకిలుది అది. సైకిలు ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది గాని చైను తలుపుకు మిగిలింది.

మా చిన్నాన్న నవ్వి, "తీసుకుపో టీచరమ్మా. ఎద్దులకు చైనైతే ఏంది, తాడైతే ఏంది," అన్నాడు.

అప్పటికే ఆమె వేళ్ళు, కీళ్ళు వాచి, ముడుచుకోవడం మానేశాయి. అందుకని తగిలించే పని నాకు పడింది. టీచరమ్మ వాళ్ళ వరండాలో ఆమె స్టూలు మీద, నేను గోనె పట్టా మీద. చైను కిరసనాయిల్లో నానబెట్టి, ఇనుప బ్రష్షుతో తోమి, బిగుసుకుపోయిన లింకులు మేకుతో తట్టి ఊడదీసి, పాత చైనులో బాగున్న ముక్క దీనికి అతికించాం. అతికించాం అంటున్నాను గాని, ఆమె చేసింది తిట్టడమే. నేను మధ్యలో విసుక్కుని, కొత్తదైతే ఈ తంటా ఉండేది కాదన్నాను.

"కొత్తది ఈ అరిగిన పళ్ళ మీద నిలవదు, జారిపోద్ది. రెండూ ఒక ఈడువి, అందుకే సర్దుకుంటాయి చూడు," అంది.

చైను రెండు కొసలూ కలిపే చోట చిన్న క్లిప్పు ఉంటుంది, అచ్చం చేప ఆకారంలో. ఒక పక్క మూసి గుండ్రంగా తలలాగా, ఇంకో పక్క చీలి తోకలాగా. నేను దాన్ని తిరగేసి పెట్టాను. చూసీ చూడగానే కసిరింది.

"సముద్రం పక్కన పుట్టినావు, చేప ఎట్ట పోద్దో తెలీదా? తల ముందు పోవాల. తోక ముందు పెడితే దేనికన్నా తగులుకుని ఊడొచ్చేస్తది."

తల ముందుకు తిప్పి పెట్టాను. మిషను ఆయిలు వేసి, పైకి కారింది తుడిచాను. ఆమె తెల్లచీర కట్టుకుని వీధి చివరిదాకా పోయి వచ్చింది. అంచు ఎత్తి చూపించింది. మరక లేదు.

ఇప్పుడు చెప్పండి, చైను తెగిందంటే నేనెలా ఊరుకుంటాను?

వాళ్ళింటికి పోయేసరికి సైకిలు గోడకు ఆనించి ఉంది. చైను పళ్ళ మీద లేదు, కిందికి వేలాడుతోంది. నేను అక్కడే కూలబడి లింకు లింకూ పట్టి చూశాను. ఈ టైములో సైకిలు దగ్గర ఏం పని అని ఎవరో అన్నారు. చైను ఎక్కడా తెగలేదు. చేప పెట్టిన చోటే ఉంది. అప్పుడు ఏడ్చాను.

భూస్థాపన అయ్యాక, సైకిలు తెచ్చిన ఆటో అతన్ని పట్టుకుని అడిగాను.

"నేను ఫోన్లో చెప్పింది చైను పడిందని గదక్కా," అన్నాడతను. "సైకిల్ని ఆటోలోకి ఎత్తేటప్పుడు చైను పడింది. టీచరమ్మ పోయింది, చైను పడింది, తీసకొస్తా ఉండా అన్నా. ఆమె పడిందని నేనెందుకంటా? నేను పోయేసరికి కూర్చోనుండింది."

మన తెలుగులో చైనైనా పడింది, ఆడమనిషైనా పడింది. ఎవరు పడ్డారో అడగడానికి ఎవరికీ తీరిక లేదు. చైను పడింది కాస్తా తెగి పడింది అయింది, అది ఇంటింటికీ తిరిగి వచ్చేసరికి టీచరమ్మ రోడ్డు మీద పడి తల పగిలింది కూడాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, మా ఊరికి నిప్పుతో పని లేదు.

తూము దగ్గర రొయ్యల గుంటలో పనిచేసే ఆవిడ దగ్గరికి కూడా పోయాను. ఆమె ఒక్కతే అంతా చూసిన మనిషి. ఆమెను అడిగినవాళ్ళే లేరు.

"సైకిలు దిగింది, స్టాండేసింది, తూము మీద కూర్చుంది," అందామె. "రొంత ఆయాసంగా ఉంది, నీళ్ళుంటే ఇయ్యమ్మాయా అనింది. నేను చెంబు తెచ్చేలోపల అట్నే ఒరిగిపోయింది. సైకిలు మాత్రం నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉండింది."

నా చేతుల వల్ల కాదని తెలిసింది. అయినా కోపం చల్లారలేదు, ఇప్పటికీ చల్లారలేదు. 'చెప్పాం, వినలేదు' అన్న మాట ఉందే, శవం ముందు అంతకంటే అన్యాయమైన మాట ఇంకోటి లేదు. చచ్చిపోయినవాళ్ళు లేచి జవాబు చెప్పలేరు. జీవితమంతా ఎవరి మీదా ఆధారపడకుండా తిరిగిన మనిషిని, మొండితనం వల్ల పడి చచ్చిన ముసలమ్మను చేసేశారు, తాము చెప్పిందే నిజమైందని అనిపించుకోవడానికి.

పోయినామె జ్ఞాపకంగా చర్చిలో పెట్టే ఆదరణ కూడిక రోజున, పాత ఇనుము వాడికి వేయడానికి బయట పెట్టిన ఆ సైకిలు తీసుకున్నాను. చైను పళ్ళ మీదికి ఎక్కించి, ఎక్కి తొక్కుకుంటూ చర్చికి పోయి, గుమ్మం ముందు స్టాండు వేసి, లోపలికి పోయి కూర్చున్నాను. మేనల్లుడు సాక్ష్యం చెబుతున్నాడు. మా అత్త ప్రేమగలది గాని మొండిది, మేము ఎన్నో సార్లు చెప్పినాం, ఆ చైను... అంటున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "చైను తెగలేదు తమ్ముడూ. తెగిన లింకు చూపించు, సైకిలు గుమ్మం ముందే ఉంది."

"నువ్వే మళ్ళీ అతికించినావేమోక్కా," అన్నాడు.

వెనక నుంచి రొయ్యల గుంట ఆవిడ లేచింది. నాతో చెప్పిందంతా, ఒక్క మాట తగ్గకుండా, చెంబుతో సహా చెప్పింది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు.

భోజనాలయ్యాక చెప్పుల కోసం బయటికి వచ్చాను. మేనల్లుడు సైకిలు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. స్టాండు మీద వెనక చక్రం నేలకు ఆనకుండా లేచి ఉంది. చేత్తో పెడలు మెల్లగా తిప్పుతూ, ఒక్కో లింకూ ఒంగి ఒంగి చూస్తున్నాడు, ఎక్కడ తెగిందా అని. దొరకదంటే వెతకలేదని అర్థమని ఆమె అనేది కదా. వెతకనీ అనుకుని పలకరించలేదు. అతను తిప్పుతున్నాడు. ఆ చిన్న చేప వెనక చక్రం దగ్గర పైకి తేలి, తల ముందుకు పెట్టుకుని అతని కళ్ళ ముందు నుంచి పోతోంది. ముందుకు పోయి కిందికి మునిగి, మళ్ళీ వెనక నుంచి వస్తోంది.