జెండా మోసేవాడికి పది పాయింట్లు

జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారిలో, తారు అయిపోయి దుమ్ము మొదలయ్యే చోట ట్రక్కు ఆగింది. పగలు పదకొండూ నలభై. పోలింగుకు ఇరవై ఒక్క రోజులు. నీడలో నలభై ఐదు డిగ్రీలన్నారు. ఊర్లో నీడ లేదు కాబట్టి ఆ లెక్క మాకు వర్తించలేదు.

ఊరి పేరు చెప్పను. చెబితే రెండు పార్టీలూ కలిసి నా మీదకొస్తాయి. అంత ఐకమత్యం చూసే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

సెక్షన్‌లో పది మందిమి. ఒక్కొక్కరి మీద రైఫిలు, అరవై తూటాలు, హెల్మెట్టు, లాఠీ, రెండు లీటర్ల నీళ్లు. నా మీద అదనంగా తెలుగు. మాది ప్రొద్దుటూరు. కేంద్ర బలగాల ఆ ట్రక్కులో ఇంకెవరికీ తెలుగు ముక్క రాదు. అందుకని నన్ను దుబాసీని చేశారు. నేను చెప్పిందే ఊరికి ఆర్డరు, ఊరు చెప్పిందాంట్లో నేను చెప్పిందే సెక్షన్ కమాండరుకు సమాచారం. దేశంలో రాష్ట్రపతికి కూడా అంత అధికారం లేదు.

తూర్పు వీధి ఒక పార్టీ, పడమర వీధి ఇంకో పార్టీ. మధ్యలో పశువుల ఆసుపత్రి. పశువులు ఏ పార్టీలోనూ చేరలేదు గనక మమ్మల్ని అక్కడ దించారు. కమాండరు హర్యానా మనిషి. ఆయన మీసం కుడికొన తూర్పు వీధిని, ఎడమకొన పడమర వీధిని కాపలా కాసేది. వరండాలో నిలబెట్టి ఆర్డర్లు చెప్పాడు. ఏ వీధి మజ్జిగా ముట్టకూడదు. ఊర్లో నూట నలభై నాలుగు సెక్షన్ ఉంది, ఎక్కడా నలుగురికి మించి గుమికూడనివ్వకూడదు. గంటకోసారి వైర్‌లెస్‌లో రిపోర్టు.

"చార్లీ టూ, రిపోర్ట్."

"సబ్ ఠీక్. ఓవర్."

మొదటి వారం మేం చేసిన యుద్ధమంతా ఇదే. పొద్దున అయిదున్నరకు కవాతు, సాయంత్రం అయిదింటికి కవాతు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఈగలు కూడా డ్యూటీ దిగిపోయేవి.

వైర్‌లెస్ ఆపరేటరు పుణే కుర్రోడు. వాడి కిట్టులో దుప్పటి కింద మూడు లావుపాటి ఇంగ్లీషు నవలలు దొరికాయి. అట్ట మీద మోకాళ్ల దాకా గడ్డమున్న మరుగుజ్జులు, చేతుల్లో గొడ్డళ్లు. ఏందిరా ఇది అంటే చెప్పాడు. బల్ల మీద ఆడే యుద్ధం ఆట ఒకటుందట. చిన్న చిన్న సీసపు బొమ్మలు కొనుక్కోవాలి, రంగులెయ్యాలి, రెండు సైన్యాలుగా నిలబెట్టి పాచికలేసి చంపుకోవాలి. ఆ ఆటలోని లోకం మీద రాసిన నవలలివి. వాడి దగ్గర ఒక బొమ్మ కూడా ఉంది. బొటనవేలంత మరుగుజ్జు, పైకెత్తిన చేతిలో ఎర్ర జెండా. రంగులెయ్యడానికి నలభై గంటలు పట్టిందన్నాడు. కడప జైలుకు మొత్తం సున్నం కొట్టినా అన్ని గంటలు పట్టదు.

వేరే పనిలేక చదవడం మొదలుపెట్టాను. రెండో రోజు తూర్పు వీధి ఓబులేసు కుంటే గొర్రెను తోలుకొని వచ్చాడు. అరవై దాటిన మనిషి. పశువుల డాక్టరు బహుశా ఆయన పెళ్లినాటి నుంచి సెలవులో ఉన్నాడు.

"ఏంది చదువుతాండావప్పా? డ్యూటీ పుస్తకమా?"

"కథ మామా. కొండ కింద కోటలో మరుగుజ్జులుంటారు. తోడేళ్లెక్కి తిరిగే గుంపొకటుంది. వాళ్లకూ వీళ్లకూ పడదు."

"ఎందుకు పడదు?"

ఆరు పేజీలు వెనక్కి తిప్పాను. కారణం కనబడలేదు. "తాతల నాటి నుంచి పడదంట."

ఓబులేసు గొర్రెను స్తంభానికి కట్టేసి కూర్చున్నాడు. "అట్లయితే చెప్పు. అర్థమయితాది."

మూడో రోజు పడమర వీధి సుబ్బిరెడ్డి కర్ర ఊపుకుంటా వచ్చాడు. చీనీ తోటల రైతు, బత్తాయిని మా పక్క చీనీ అంటారు. ఓబులేసు ఈడువాడే. "ఒక పార్టీకే కథ చెప్తాండారంట. ఇదేం న్యాయం? కలెక్టరుకు అర్జీ పెడతా!"

ఇది చెప్పగానే కమాండరు మీసం రెండు కొనలూ వణికాయి. వెంటనే ఆర్డరు వేశాడు. కథ ఇద్దరికీ సమానంగా వినిపించాలి, వరండా తూర్పు కొనకు ఒక బల్ల, పడమర కొనకు ఒక బల్ల. ఒక్కో వీధి నుంచి ఇద్దరికి మించకూడదు. నాతో కలిపితే అయిదవుతారు కదా సాబ్ అంటే, నువ్వు మనిషివి కాదు, ప్రభుత్వ ఆస్తివి అన్నాడు.

అట్లా మొదలైంది. నేను మామూలుగా ఏదైనా కొంచెం పెంచి చెబుతాను, మీరిప్పటికే పట్టేసి ఉంటారు. పుస్తకంలో యాభై తోడేళ్లుంటే నా తెలుగులోకి వచ్చేసరికి అయిదు వేలు. మూరెడు పన్ను బారెడయ్యేది. ఒక రోజు తోడేళ్ల గుంపు అడవి తగలబెట్టింది.

"ఎన్ని చెట్లు?" అన్నాడు సుబ్బిరెడ్డి.

"అడవంతా అని రాశాడు."

"లెక్క లేదా? రాసినోని చెట్లు ఎవురూ కొట్టిండరులే. నావి రెండొందల పద్నాలుగు. కాపుకొచ్చిన చీనీ చెట్లు. ఒక్క పూటలో కొట్టినారు."

తూర్పు బల్ల మీద ఓబులేసు గొర్రె చెవిలో పిడుదులు వెతకడం మొదలుపెట్టాడు. శానా సేపు వెతికాడు.

కథలో మరుగుజ్జుల ముందు ఒక కుర్రోడు జెండా పట్టుకొని నడుస్తుంటాడు. ఇంగ్లీషులో దానికేదో గంభీరమైన మాట ఉంది. నేను ఆలోచించకుండా జెండా మోసేవాడు అన్నాను. ఆ మాట నోరు జారాక ఇక రాజు గురించి ఎవరూ అడగలేదు.

"మావోడు గూడా జెండా మోసేవాడే," అన్నాడు ఓబులేసు.

కొడుకు మద్దిలేటి. ఇరవయ్యారేళ్లు. ఈసారి తూర్పు పార్టీకి పోలింగ్ ఏజెంటు వాడే. పోయినసారి ఆ కుర్చీలో కూర్చున్నాయన పోలింగు బూత్ నుంచి బయల్దేరాడు గానీ ఇంటికి చేరలేదు. చీనీ తోట దగ్గర దొరికాడు.

"వద్దనొచ్చు గదా మామా?"

"వద్దంటే అన్న జీపు దిగుతాడు. నవ్వుతాడు. భుజం మీద చెయ్యేస్తాడు. ఆ చెయ్యి బరువు నీకు తెలీదులేప్పా."

అన్నంటే ఆ పార్టీ నాయకుడు. అప్పటి నుంచి ఓబులేసు రోజూ ఒకటే అడిగేవాడు, జెండా పిల్లోడు ఉండాడా అని. రెండు పుస్తకాలు అయ్యేదాకా ఉన్నాడు. వాడు బతికున్న రోజు ముసలాయన తేలిగ్గా నడిచి ఇంటికి పోయేవాడు.

మూడో పుస్తకం చివరికి వచ్చేసరికి పోలింగు ఇంక రెండు రోజులుంది. పొద్దున్నే ముందుగా చదివి పెట్టుకున్నాను. మూడొందల పన్నెండో పేజీ. ఆ మధ్యాహ్నం మద్దిలేటి కూడా వచ్చి తండ్రి వెనక స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. మార్చి చెబుదామా అనుకున్నాను. అయిదు వేల తోడేళ్లను పుట్టించినవాణ్ణి, ఒక కుర్రోణ్ణి బతికించలేనా? మూడొందల పన్నెండో పేజీ అని పైకి చెప్పి మొదలుపెట్టాను. ఉన్నది ఉన్నట్టే వచ్చింది.

"వంతెన మీద జెండా పడిపోయింది, మోసినవాడు దాని కింద ఉన్నాడు. రాజు గొడ్డలెత్తి మాట్లాడాడు."

"పిల్లోడు?"

"అంతే మామా."

"ఇంగా సూడప్పా. యాడన్నా ఉంటాడు."

చూశాను. రాజు ఉపన్యాసం రెండున్నర పేజీలుంది. వాడు లేడు.

"పేరేంది వానిది?"

మూడు పుస్తకాల్లో ఎక్కడా పేరు పెట్టలేదు.

ఆపరేటరును అడిగితే పుస్తకం వెనక పేజీలు తిప్పి చూపించాడు. ఆటలో ఏ బొమ్మకు ఎంత విలువో అక్కడ పట్టీ ఉంది. నేను చదివి చెప్పాను. రాజుకు మూడొందల పాయింట్లు. మంత్రగాడికి రెండొందల యాభై. రాజు ఎక్కే పొట్టేలుకు నలభై. జెండా మోసేవాడికి పది.

"పొట్టేలుకు నలభయ్యా?" అన్నాడు ఓబులేసు. జన్మంతా గొర్రెలు కాసిన మనిషి. పొట్టేలు విలువ ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సుబ్బిరెడ్డి అడిగాడు, "ఈ యుద్ధం ఎప్పుడైపోతాదంట?"

హిందీలో అడిగితే ఆపరేటరు నవ్వాడు. ఇప్పటికి పదకొండు పుస్తకాలొచ్చాయి సార్, అయిపోదు, అయిపోతే బొమ్మలెవరు కొంటారు అన్నాడు. తెలుగులో చెప్పాను. ఒక్క అక్షరం పెంచలేదు. సుబ్బిరెడ్డి కర్ర అందుకొని లేచాడు.

"కథే గదా నాయనా," అన్నాడు మద్దిలేటి.

"కథేలేరా." ఓబులేసు చెయ్యి చాపి, ఆపరేటరు దగ్గర ఆ జెండా బొమ్మ అడిగి తీసుకున్నాడు. "ఇంట్లో చూపిచ్చి తెస్తా."

మర్నాడు పొద్దున కవాతులో చూస్తే ఓబులేసు దొడ్డి ఖాళీ. రోడ్డు మీద గిట్టల గుర్తులు. తొమ్మిదింటికి జీపొచ్చింది. అన్న దిగాడు, నవ్వాడు, భుజం మీద చెయ్యేశాడు. అన్నీ ముసలాయన చెప్పిన వరసలోనే.

"మద్దిలేటి యాడ?"

"మంద తోలుకోని మైదుకూరు పక్క పోయినాడన్నా. ఆడ వరి కోసిన మళ్లల్లో మంద కట్టాల. ఈడ మేత లేదు."

"రేపు ఏజెంటెవురు?"

"నేనే."

ఆ చెయ్యి భుజం మీద నలభై సెకన్లుంది. నా గడియారంలో చూసిన లెక్క.

పోలింగు రోజు బడిలో తూర్పు కుర్చీలో ఓబులేసు కూర్చున్నాడు. పడమర కుర్చీలో సుబ్బిరెడ్డి మనవడు కూర్చోవాల్సింది. సుబ్బిరెడ్డే వచ్చాడు.

"మనవడు?" అని అడిగాను.

"కడుపునొప్పి."

"ఎప్పటి నుంచి?"

"మూడొందల పన్నెండో పేజీ నుంచి."

ఇద్దరికీ చూపు ఆనదు. ఓటర్ల లిస్టు చూడ్డానికి ఓబులేసు కళ్లద్దాలే ఇద్దరికీ. రెండూ పావుకు పడమర వీధి చివర నాటుబాంబు పేలింది. బడి కిటికీలు, నా గుండె, కమాండరు మీసం, మూడూ ఒకేసారి ఊగాయి. పొగ తగ్గి చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. ఏజెంట్లిద్దరూ ఒకే బల్ల కింద ఉన్నారు.

"కాలు తీయ్‌రా, అద్దాలు తొక్కుతాండావు."

"నీ అద్దాలకేం గాలేదులే, నువ్వు బతికినావు సూసుకో."

సాయంత్రం వాళ్లను మేమే వెంట ఉండి నడిపించాం. అయిదూ నలభైకి ఓబులేసు గడప తొక్కాడు. వైర్‌లెస్‌లో ఆ గంట రిపోర్టు నేనే ఇచ్చాను. సబ్ ఠీక్.

మూడు రోజులకు వెనక్కి రమ్మని ఆర్డరొచ్చింది. ట్రక్కులో సామాన్లు ఎక్కిస్తుంటే ఓబులేసు వచ్చి ఆసుపత్రి ప్రహరీ మీద బొమ్మను నిలబెట్టాడు. చేతిలో జెండా లేదు. గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో మొదలంటా కత్తిరించాడు.

ఆపరేటరు లబోదిబోమన్నాడు. జెండా ఏదని అడగమన్నాడు. అడిగాను.

"తీసేసినాప్పా. ఎంత సేపని మోస్తాడు?"

ఇది హిందీలో చెప్పాను. కుర్రోడు నోరు తెరిచాడు, నలభై గంటల లెక్క చెబుతాడనుకున్నాను. బొమ్మను అక్కడే వదిలి ట్రక్కెక్కాడు.

మేం పోయాక ఆ ఊర్లో ఏం జరిగిందో నాకు తెలీదు. ప్రొద్దుటూరు నుంచి బస్సులో రెండు గంటలు. రిటైరై ఇన్నేళ్లయింది, ఒక్కసారీ పోలేదు. పోతే అడగాల్సి వస్తుంది.

ట్రక్కు వెనక తలుపు దగ్గర కూర్చున్నాను ఆ రోజు. దుమ్ములో ఓబులేసు ముందు మాయమయ్యాడు, ఆ తర్వాత ఆసుపత్రి. గోడ మీద బొటనవేలంత మనిషి మాత్రం ఇంకా కనబడుతున్నాడు. ఉత్త చెయ్యి పైకెత్తి, బస్సు ఆపమన్నట్టు.