శుక్రవారం అన్నీ మరిచిపోయే డబ్బా

నాకు అనుమానం ఎక్కువ. దాచుకోవడం దేనికి? గ్లాసులో నీళ్లు తగ్గితే ఎవరు తాగారని ఆరా తీసే రకం. "నీతోని కాపురమంటే పోలీస్ స్టేషన్ల ఉన్నట్టే ఉంటది" అనేవాడు మా ఆయన. అన్నప్పుడల్లా ఒళ్లు మండేది. కోదాడ సంగతి జరిగాక మండడం మానేసింది.

అది రెండు వేల పదమూడు ప్రాంతం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒకే యాజమాన్యం నడిపే మూడు జూనియర్ కాలేజీలుండేవి. వాటి కంప్యూటర్ల బాధ్యత నాది. నేను కూర్చునేది సూర్యాపేటలో. అంతకుముందు ఏ ఊరి ఇంటర్నెట్‌ను ఆ ఊరి ఆపరేటరే చూసుకునేవాడు. ఆ ఏడాది వైఫై పంచే తెల్లటి డబ్బాలు కొత్తగా కొన్నారు. యాక్సెస్ పాయింట్లంటారు. మూడు ఊళ్ల డబ్బాలనూ నా తెర మీద నుంచే నడపొచ్చు. నెట్‌వర్క్ పేరేంటి, పాస్‌వర్డ్ ఏంటి, ఏ ఛానెల్‌లో నడవాలి, అన్నీ నేనిక్కడ నొక్కితే అక్కడ అమలవుతాయి. డబ్బా బాగుంటే తెర మీద పచ్చ చుక్క, తెగిపోతే బూడిద చుక్క. నిజం చెప్పొద్దూ, ఆ పచ్చ చుక్కల్ని చూసి తెగ మురిసిపోయేదాన్ని.

మిగతా రెండు ఊళ్లలో డబ్బాల్ని స్లాబుకు బిగించాం. కోదాడ ఆఫీసుకు రేకుల కప్పు. అందుకని రికార్డు గదిలో, దేవుడి పటం ఉన్న అల్మారా మీదే పెట్టించాను. ఆ రోజు శుక్రవారం. కరెంటు ఇవ్వకముందే కొబ్బరికాయ కొట్టి, డబ్బాకు పసుపూ కుంకుమా పెట్టాం. అంతలో యాజమాన్యం నుంచి ఫోన్. మాట్లాడుతుంటే అక్కడ ఊడ్చే ఆయమ్మ ఏదో అడిగింది. ఫోన్ చెవి నుంచి తీయకుండానే ఏదో చెప్పాను. తర్వాత స్విచ్ వేశాం, పచ్చ చుక్క వచ్చింది, నేను బస్సెక్కి వచ్చేశాను.

మరుసటి శుక్రవారం పొద్దున కోదాడ చుక్క బూడిదైంది. ఆ పై శుక్రవారమూ అంతే. డబ్బా నేను పెట్టిన పేరు, పాస్‌వర్డ్ అన్నీ మరిచిపోయి, కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లా తయారయ్యేది. తాళం లేని నెట్‌వర్క్ గాల్లోకి వదిలేది. హాస్టల్ పిల్లల ఫోన్లన్నీ దాని మీద పడేవి. ఆఫీసు లాప్‌టాప్‌లు ఆగిపోయేవి. నేను దాన్ని మళ్లీ చేర్చుకుని, మళ్లీ అన్నీ రాసేసరికి గంట పట్టేది. డబ్బా తనంతట తాను అట్లా మరిచిపోదు. దానికి సన్నటి రంధ్రం ఉంటుంది. అందులో పిన్ను పెట్టి కొన్ని సెకన్లు నొక్కి పడితేనే మరుస్తుంది. అంటే ఎవరో కావాలనే నొక్కుతున్నారు.

ఎవరో నాకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకున్నాను.

కోదాడ ఆపరేటర్ నాకంటే పదేళ్లు పెద్ద. నిన్నటి దాకా ఆ ఊరి నెట్‌కు ఆయనే రాజు. మాటకు ముందు 'మేడం', మాట చివర 'అండీ'. రోజులు అసలే బాగాలేవు, రాష్ట్రం విడిపోతుందన్న గొడవల్లో యాస విని మనిషిని తూచే రోజులు. నేనూ తూచాను. ఫోన్ చేస్తే, "మీ డబ్బాకి మా కోదాడ నీళ్లు పడలేదేమోనండీ" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడి ప్రిన్సిపాల్‌ను అడిగాను. "సార్, ఆ గదిలకు ఎవరెవరు పోతరు?"

"ఆపరేటరే పోతడు. ఇంకెవరు పోతరమ్మా?"

ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే యాజమాన్యానికి ఉత్తరం రాశాను. 'ఉద్దేశపూర్వకంగా' అనే మాట కింద గీత కూడా గీశాను. రెండు రోజుల్లో ఆపరేటర్‌ను పనిలోకి రావద్దన్నారు.

ఆ తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం కోదాడ చుక్క మళ్లీ బూడిదైంది.

అప్పుడన్నా బుద్ధి రావాలా? రాలేదు. పోతూ పోతూ ఎవరికో నేర్పిపోయాడనుకున్నాను. ఆ పై శుక్రవారం ఎవరికీ చెప్పకుండా తెల్లారే బస్సెక్కి కోదాడలో దిగాను. రికార్డు గదిలో బీరువా చాటున కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తొమ్మిదింటికి ఆయమ్మ వచ్చింది. చీపురు మూలకు పెట్టి, చేతులు కడుక్కుని, పటానికి పువ్వు పెట్టింది. అగరబత్తి వెలిగించి పటం ముందు మూడుసార్లు తిప్పింది. తిప్పి, దాని పుల్లను నా డబ్బా రంధ్రంలో గట్టిగా గుచ్చింది.

"అయ్యో, ఏం చేస్తున్నవమ్మా!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడింది. "ఓయమ్మో, మీరా మేడం! మీరు చెప్పిందే చేస్తున్న గద. ఆనాడు అరటిపండు లేదు, అగరబత్తి ఏడ గుచ్చాలె అని అడిగిన. గాడనే ఏదన్న బొక్క ఉంటది సూడు అంటిరి. సూస్తే దీనికే ఉండె. అప్పటిసంది ఒక్క శుక్రారం తప్పలే. కాలినంక పుల్ల తీసి, తుడిచి మరీ పోత."

ఆనాడు డబ్బాకు ఇంకా కరెంటు లేదు. అందుకే ఏమీ కాలేదు. ఆ గదిలోకి ఎవరెవరు పోతారని అడిగినప్పుడు ప్రిన్సిపాల్ ఆమెను మనుషుల్లో లెక్కేయలేదు. నేనూ వేయలేదు. పొగ పైకి లేస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

రెండో ఉత్తరం రాశాను. ఆయమ్మ మాట ఎత్తలేదు, ఆపరేటర్ తప్పేమీ లేదని, రంధ్రంలో పుల్ల గుచ్చమని నేనే చెప్పానని రాశాను. మొదటి ఉత్తరానికి రెండు రోజుల్లో కదిలిన యాజమాన్యం దీనికి జవాబే ఇవ్వలేదు. నేనే స్వయంగా వెళ్లి అడిగితే, "ఆ పోస్టుల వేరేటోళ్లు చేరిండ్రు, ఇగ వదిలెయ్యమ్మా" అన్నారు.

ఆ ఆపరేటర్ కోదాడ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాడని తెలిసి వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రెండో ఉత్తరానికి నా దగ్గరున్న ఆఫీసు కాపీని చేతికిచ్చాను. నిలబడే చదివాడు. మళ్లీ మొదటి నుంచీ చదివాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"దీన్నొక కాపీ తీసుకోనా అండీ?" అన్నాడు.

"మీకోసమే తెచ్చిన. అదే ఉంచుకోండి."

"లేదండీ, ఇది మళ్లీ ఆఫీసులో అడుగుతారేమో, మీ దగ్గరే ఉండాలి." కాగితాన్ని మడత పడకుండా మిషన్ మీద పెట్టి మూత వేశాడు. "మా అమ్మాయి రోజూ అడుగుతోందండీ, నాన్నా నువ్వేం చేశావని. ఇంట్లో చూపిస్తాను."