యాదమ్మ తట్టకు నా బోణీ

నవ్వకుండా వింటానంటేనే చెప్తా. నిన్న నా చెయ్యి చాలా మంచిదని తార్నాక మార్కెట్ ఒప్పుకుంది. అదే నా కొంప ముంచింది!

ఎంఏ హిస్టరీలో మా మేడం ఇచ్చిన పని తెలుసుగా? పాత మార్కెట్ చరిత్ర. "గూగుల్ చెప్పింది నాకొద్దమ్మా, అక్కడ కూర్చునే మనిషి చెప్పింది కావాలి. రేపు పదకొండింటికి క్లాసులో వినిపించు. లేదంటే సున్నా!"

నిన్న పొద్దున ఏడింటికే వెళ్లా. అందరికంటే పాత మనిషి ఆకుకూరల యాదమ్మ. ఒకప్పుడు వాళ్ల అత్త కూర్చున్న చోటే కూర్చుంటుంది. తట్టకు మాత్రం క్యూఆర్ కోడ్! ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, "అవ్వా, ఈ మార్కెట్ ఎట్ల మొదలైంది?" అన్నా.

"బోణీ కాలే, గప్పుడే ముచ్చట్లేంది బిడ్డా? కొంటవా, జరుగుతవా?"

నా నోరు ఊరుకుంటుందా! "నాది మామూలు చెయ్యి కాదవ్వా. నేను బోణీ చేస్తే తట్ట ఖాళీ!" అని రెండు కట్టల పుంటికూర, అదే గోంగూర, తీసుకున్నా.

"బోణీకి నోటే ఇయ్యి, ఫోన్‌ల కొట్టకు" అని నోటు కళ్లకద్దుకుంది. "గా మెట్రో పిల్లర్ కాడ ఎడ్లబండ్లు ఆగేటియి బిడ్డా... అగో, గిరాకీ వచ్చె. పదింటికి రా, మొత్తం చెప్త."

అక్కడితో ఊరుకోవచ్చు కదా? కొట్టిన డబ్బా నిజం చేద్దామని కోతి బుద్ధి! ఫ్లాట్లలో వండుకునే పీహెచ్‌డీ అక్కల వాట్సాప్ గ్రూపులో తట్ట ఫొటో పెట్టి, "యాదమ్మ పుంటికూర తిన్నవాళ్లు వైవాలో తడబడరు" అని రాశా. వైవా దగ్గరపడ్డ అక్కలు. నమ్మేశారు!

పదింటికి వెళ్తే తట్ట లేదు, యాదమ్మ లేదు. తడి గోనెసంచి ఒక్కటే ఉంది.

పక్కన టమాటాలమ్మే మల్లేశన్న నాకు దండం పెట్టాడు. "ఏం చెయ్యి చెల్లె నీది! అక్కలు గుంపుగ వచ్చి మొత్తం ఎత్తుకపోయిన్రు. యాదమ్మ తొమ్మిదింటికే ఖుషీగ ఇంటికి పోయింది."

"ఇల్లెక్కడన్నా?"

"వారాసిగూడ. ఏ గల్లీనో నాకెర్క లేదు. రేపు బోణీ నాకు చెయ్యి చెల్లె!"

పదకొండింటికి క్లాసులో రికార్డింగ్ వినిపించా. ఒక్క నిమిషం కూడా లేదు, అందులో సగం నా డబ్బానే!

మేడం కళ్లద్దాలు తీసింది. "ఎడ్లబండ్లు ఆగేటియి... ఆ తర్వాత?"

"తర్వాత... గిరాకీ వచ్చింది మేడం."

క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వాపుకుని సోమవారం దాకా టైం ఇచ్చింది.

ఈరోజు ఏదీ ముట్టకూడదని రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వెళ్లా. యాదమ్మ దూరం నుంచే కేకేసింది: "అగో, నా బిడ్డ వచ్చింది! రా, బోణీ చెయ్యి. నీ చెయ్యి చూసే ఇయ్యాల రెండు తట్టలు తెచ్చిన!"

మళ్లీ రెండు కట్టలతో బోణీ చేశా, మళ్లీ గిరాకీ ముసురుకుంది. ఇప్పుడు నా దగ్గర నాలుగు కట్టల పుంటికూర ఉంది. చరిత్ర మాత్రం ఎడ్లబండ్ల దగ్గరే ఆగింది. పచ్చడి ఎవరికి కావాలి?