శికంల పుచ్చతోట

పాలకుర్తి అవతల ఒక ఊర్లె బిక్షాన్ని అందరు చెరువు బిక్షం అంటరు. ఊరి చిన్న చెరువు ఎండిన కాన్నుంచి, కాలువ నీళ్లు ఇడవమని కనవడ్డ సారునల్లా అడుగుడే ఆయన పని. పెండ్లి బంతిల కూసున్నా అదే ముచ్చట. ఆఫీసోళ్లు ఆయన్ను దూరం నుంచి చూసే ఫోను చెవికి పెట్టుకునేటోళ్లు.

అడిగి అడిగి ఆయనకే ఇసుగొచ్చింది. కట్ట కింది పొలం బీడువడ్డది. చెరువు లోపలి భూమి, శికంల మాత్రం చెలిమె తవ్వితె ఇన్ని నీళ్లూరుతున్నయి. ఈ యేడు అండ్లనే పుచ్చగింజలు పెట్టిండు.

"నీళ్లు నింపమంటవు, నింపే జాగల పంట పెడ్తవు. నీ తెలివి మండ!" అని పెండ్లాం సరళ నవ్వింది.

"ఇన్నేండ్ల సంది రానియి ఇప్పుడొస్తయా ఏందే?" అన్నడు బిక్షం.

కాయలు కోతకొచ్చినయి. సరళ ఆటో మాట్లాడ పోయింది. బిక్షం కొడవలి పట్టుకొని పోయేసరికి తోటల మోకాళ్ల లోతు నీళ్లు. ఎగువన రాత్రే కాలువ గేటెత్తిన్రట! చూస్తుండంగనే నడుం దాకా వచ్చినయి. ఆయన తీగెలు దొరికినకాడికి కోస్తుంటె కాయలు బుడుంగు బుడుంగున పైకి తేలినయి.

అంతల డప్పులినవడ్డయి. సర్పంచ్ మధుకర్, ఇంజినీరు సారు, పూల పళ్లాలతోని ఆడోళ్లు, ఊరంత కట్ట మీదికొచ్చింది.

"సారూ, అగో చూడుండ్రి! మిమ్ముల పరేషాన్ చేసిన మా బిక్షమన్న, సంతోషం పట్టలేక నీళ్లల్లకు దిగిండు!" అని మధుకర్ మైకుల చెప్పిండు.

"ఆపుండ్రి! జర ఆపుండ్రి!" అని బిక్షం ఒర్రిండు. డప్పుల మోతల అది "ఆడుండ్రి" అని ఇనవడ్డది. జనం ఇంకింత ఎగిరి ఆడిన్రు.

సారు కట్ట దిగి, నీళ్ల అంచున వంగి పసుపు కుంకుమ ఇడుస్తుంటె ఒక కాయొచ్చి ఆయన చేతికి తాకింది. ఎనకనే ఇంకోటి.

"చెరువుల పుచ్చకాయలేందయ్యా?"

మధుకర్‌కు అప్పుడు సమజైంది. శికంల పంట పెట్టుడు తప్పు, చెప్తె బిక్షం ఇరుకుతడు.

"గంగమ్మకు మొక్కు సారూ. మా దిక్కు గిట్లనే ఇడుస్తం" అన్నడు.

సారు కాయను కండ్లకద్దుకొని మళ్ల నీళ్లల్లకు నెట్టిండు. ఆయన్ను చూసి అందరు నెట్టిన్రు. బిక్షం ఒడ్డుకు నెడుతుంటె, జనం దండం పెట్టి లోపలికి తోలుతున్నరు.

ఆఖరికి బిక్షాన్ని పైకి గుంజి, తడి భుజాల మీద శాలువ కప్పి మైకిచ్చిన్రు.

"నీళ్లొచ్చినయి, మంచిదే" అన్నడాయన వణుక్కుంట. "ఇడిసే ముందల ఒక మాట చెప్తె ఇంకా మంచిగుంటుండె."

చప్పట్లు మోగినయి.

సరళ ఆటోల వచ్చింది. చెరువును చూసింది, మొగుణ్ణి చూసింది. "గాలి అవతలొడ్డుకు కొడ్తున్నది. నడువు" అన్నది, గంతే. ఇద్దరు శాలువను చెరో దిక్కు పట్టుకొని కాయలు మోసిన్రు. పొద్దూకేసరికి సగం ఆటో ఎక్కినయి. మిగిలినయి నడిమిట్ల తేలుతుంటె, కొంగలొచ్చి వాటి మీద వాలవొయ్యి జారి నీళ్లల్ల పడుతున్నయి.